విమానం మనది, ఇంజిన్ ఎవరిది?

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కు వాయుసేన ఘనంగా వీడ్కోలు పలికింది. 1963 నుంచి గగనతలాన్ని కాసిన విమానానికి ఆ గౌరవం దక్కవలసిందే. అయితే దాని నిష్క్రమణతో యుద్ధవిమానాల దళాలు (స్క్వాడ్రన్లు) 29కి పడిపోయాయి. మంజూరైన బలం 42. ఒకే సమయంలో చైనా, పాకిస్థాన్ రెండింటినీ ఎదుర్కోవాల్సి వస్తే ఎంత బలం కావాలన్న ఆలోచన ఆ అంకె వెనుక ఉంది. పాక్ వాయుసేన ఇప్పుడు చైనా తయారీ జె-10సి విమానాలను నడుపుతోంది గనుక ఆ ఆందోళన ఊహాజనితమని కొట్టిపారేయలేం.

వీడ్కోలుకు ఒక్కరోజు ముందు రక్షణశాఖ రూ.62,370 కోట్లతో మరో 97 స్వదేశీ తేజస్ మార్క్-1ఎ యుద్ధవిమానాలకు ఒప్పందం కుదుర్చుకుంది. సంతోషమే. కానీ 2021 ఫిబ్రవరిలో ఆర్డరిచ్చిన 83 విమానాల్లో ఆనాటికి ఒక్కటీ వాయుసేన చేతికి రాలేదు. మొదటిది 2024లోనే రావాలి! అనుకున్న గడువుకు పూర్తయిన ప్రాజెక్టు ఒక్కటైనా గుర్తురావడం లేదని వాయుసేనాధిపతి ఏ.పి.సింగ్ 2025 మేలో బహిరంగంగానే అన్నారు. తేజస్‌ను తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్ఏఎల్ తన వంతు జాప్యానికి జవాబు చెప్పుకోవాలి. అమెరికా నుంచి తేజస్‌కు అమర్చే ఎఫ్-404 ఇంజిన్లు సకాలంలో రాకపోవడం మాత్రం దాని ఒక్కదాని తప్పు కాదు. అరవై ఏళ్లుగా దేశం మోస్తున్న లోపమది.

1961లో ఎగిరిన మన తొలి స్వదేశీ జెట్ యుద్ధవిమానం మారుత్‌ను ధ్వని వేగాన్ని మించిపోయేలా రూపొందించారు. తగిన ఇంజిన్ దొరక్క అది చివరిదాకా బలహీనమైన ఆర్ఫియస్ ఇంజిన్‌తోనే నెట్టుకొచ్చింది. తేజస్ కోసం 1989లో మొదలైన స్వదేశీ కావేరీ ఇంజిన్‌కు కావలసినంత శక్తి రాకపోవడంతో 2008లో దాన్ని తేజస్ నుంచి విడదీశారు. కష్టమంతా టర్బైన్ రెక్క దగ్గరే. దాన్ని తాకే వాయువు వేడి ఆ లోహం కరిగే స్థాయికన్నా ఎక్కువ. రెక్క లోపల సన్నని దారుల గుండా గాలి పారుతుంది కాబట్టే అది నిలుస్తుంది. లోపల ఎక్కడా అతుకుల్లేని ఒకే స్ఫటికంగా దాన్ని పోత పోయాలి. ఈ విద్య తెలిసిన దేశాలు చాలా తక్కువ. అవి దాన్ని ఊరికే పంచిపెట్టవు. పైగా, తయారైన ఇంజిన్‌ను గాలిలో పరీక్షించే విమానం కూడా మన దగ్గర లేక 2010లో కావేరీని రష్యాకు మోసుకెళ్లాం.

దేశంలో రూపొందుతున్న ఐదోతరం యుద్ధవిమానం ఆమ్కా కోసం ఫ్రాన్స్ సంస్థ సఫ్రాన్‌తో కలిసి ఇంజిన్ తయారుచేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. బిగింపు పనులు మనకు వదిలి, ఆ రెక్కల పోత విద్యను అట్టే పెట్టుకునే ఒప్పందమైతే అది మరో కొనుగోలే అవుతుంది. 2025-26లో రక్షణకు రూ.6.81 లక్షల కోట్లు, అందులో మూలధన వ్యయానికి రూ.1.80 లక్షల కోట్లు కేటాయించిన దేశం పరీక్షా విమానానికి విడిగా పద్దు చూపలేదా? తేజస్‌లు ఎన్ని అందాయో, ఎన్ని ఆగాయో ప్రతి పార్లమెంటు సమావేశంలోనూ సభ ముందు పెట్టాలి. భద్రతా రహస్యమన్న సాకు ఇక్కడ చెల్లదు. ఆ లెక్క పొరుగు దేశాల దగ్గర ఎలాగూ ఉంటుంది, తెలియనిది పన్ను కట్టే పౌరుడికే.