అన్నం సీసాను తిడితే నల్లబడుతుందా?

రెండు గాజు సీసాల్లో అన్నం పెట్టి, ఒకదానికి రోజూ "థాంక్యూ" చెప్పండి, రెండోదాన్ని తిట్టండి. నెల తిరిగేసరికి మెచ్చుకున్న అన్నం తెల్లగా ఉంటుంది, తిట్టిన అన్నం నల్లగా కుళ్లిపోతుంది. మాటకున్న శక్తికి ఇదే శాస్త్రీయ రుజువు అంటారు. వాట్సాప్‌లో, యూట్యూబ్‌లో విస్తృతంగా తిరిగే ఈ ప్రయోగాన్ని ప్రచారంలోకి తెచ్చింది జపాన్‌కు చెందిన మసారు ఎమోటో (1943–2014). ఆయన చెప్పినదాంట్లో ఎవరూ పలకరించని మూడో సీసా కూడా ఉంది. పిల్లల చేత సైన్స్ ప్రాజెక్టుగా చేయించే ముందు ఇందులోని ఒక్కో వాదనా విడిగా చూడాలి.

"రెండు సీసాల్లో అన్నీ సమానమే, తేడా మాట ఒక్కటే"

వాదనంతా నిలబడింది దీని మీదే, కూలేదీ ఇక్కడే. ప్రయోగంలో మనం కావాలని మార్చేది స్వతంత్ర చరరాశి. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు ఇది ఇండిపెండెంట్ వేరియబుల్‌గా తెలుసు. ఇక్కడ అది మాట. దానివల్ల మారుతుందేమోనని మనం కొలిచేది ఆధారిత చరరాశి, అంటే బూజు. తేమ, వేడి, వెలుతురు, గాలి, సీసా శుభ్రత లాంటివన్నీ నియంత్రిత చరరాశులు. రెండు సీసాల్లోనూ ఒకేలా ఉంచాలి. వీటిలో ఒక్కటి తప్పినా, కనిపించిన తేడా దేనివల్ల వచ్చిందో చెప్పలేం.

వంటింట్లో ఇవి ఎన్ని రకాలుగా తప్పుతాయో చూడండి. కుక్కర్లో పైనున్న అన్నం పొడిపొడిగా, అడుగున మెత్తగా ఉంటుంది. ఒక సీసాకు పైనుంచి, రెండోదానికి అడుగునుంచి తీస్తే తేమ మారినట్టే. వేడి అన్నం పెట్టి మూత బిగిస్తే ఆవిరి గోడలకు పట్టి నీరై మళ్లీ అన్నం మీదికి కారుతుంది. చల్లారాక పెట్టినదాంట్లో అంత కారదు. ఒక సీసా నిన్నటిదాకా ఊరగాయది, ఇంకోటి జామ్‌ది అయితే మూతలో మిగిలిన ఉప్పు, నూనె, పంచదార చాలు. ఒకటి కిటికీ పక్కన, ఒకటి గోడ మూలన ఉంటే వేడి మారుతుంది. మూత తీసి మాట్లాడితే మరీ కష్టం: తిట్టేవాళ్లు గట్టిగా, దగ్గరగా వంగి తిడతారు, నోటి తుంపర్లు అటే ఎక్కువ పడతాయి.

అన్నిటికంటే పెద్ద చిక్కు సిద్ధబీజాలతో, అంటే బూజు, కొన్ని బాక్టీరియా మళ్లీ మొలకెత్తే సూక్ష్మ కణాలతో (ఇంగ్లిష్‌లో స్పోర్లు). అన్నం ఉడికేటప్పుడు బూజు సిద్ధబీజాలు చాలావరకు చస్తాయి, బాసిల్లస్ సీరియస్ లాంటి బాక్టీరియావి మాత్రం తట్టుకుని బతుకుతాయి. ఆ తర్వాత గరిటె, చెయ్యి, గాలి ద్వారా కొత్త బూజు చేరుతుంది. ఏ సీసాలో ఏ జాతి పడిందో, ఎన్ని పడ్డాయో మన చేతిలో ఉండదు. అందుకే ఒక్కో రకానికి ఒక్కో సీసా పెట్టి ఏదీ తేల్చలేం.

"నల్లబడిందంటే కుళ్లినట్టే, తెల్లగా ఉందంటే బాగున్నట్టే"

రంగు పడిన జాతిని బట్టి వస్తుంది. ఆస్పర్జిల్లస్ నైగర్ నల్లగా కనిపిస్తుంది, పెనిసిలియం నీలి ఆకుపచ్చగా ఉంటుంది, రైజోపస్ మొదట తెల్లటి నూగులా పెరిగి తర్వాత నల్లటి చుక్కలు వేస్తుంది. అంటే అదే సీసాను ఏ రోజు ఫొటో తీశారన్నదాన్ని బట్టి కూడా ఫలితం మారిపోతుంది. పైగా బాసిల్లస్ సీరియస్ పెరిగిన అన్నం చూడ్డానికి మామూలుగానే ఉండి వాంతులు తెప్పించగలదు. మెచ్చుకున్న అన్నం కమ్మగా పులిసిందంటారా? చద్దన్నం ఎవరూ పొగడకుండానే లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా వల్ల పులుస్తుంది. ఏం కొలవాలో, ఏ రోజు కొలవాలో ప్రయోగం మొదలుకాకముందే రాసిపెట్టుకోకపోతే ఆధారిత చరరాశి లేనట్టే.

"ఎంతోమంది చేసి చూశారు, అందరికీ వచ్చింది"

మాటకు ఏ ప్రభావమూ లేదనుకుందాం. అప్పుడు కూడా రెండు సీసాల్లో ఏదో ఒకటి ముందు పాడవుతుంది. 1000 ఇళ్లలో చేస్తే దాదాపు 500 ఇళ్లలో తిట్టిన సీసాయే ముందు పాడవుతుంది. వాళ్లు వీడియో పెడతారు. మిగతా 500 మంది "మనసుపెట్టి అనలేదేమో" అనుకుని పారబోస్తారు. 10 జతలు పెట్టి, 9 లేదా 10 జతల్లో తిట్టినదే ముందు పాడైతే అప్పుడు ఆలోచించవచ్చు. కాకతాళీయంగా అలా జరిగే అవకాశం 1024లో 11, అంటే సుమారు 1 శాతం. ఒక్క జతకైతే అది 50 శాతం.

"నీరు మాటను గుర్తుపెట్టుకుంటుంది"

ద్రవరూపంలోని నీటి అణువుల మధ్య హైడ్రోజన్ బంధాలు పికోసెకండ్ల (పికోసెకండ్ అంటే సెకనులో లక్ష కోట్ల వంతు) వ్యవధిలో తెగి కొత్తగా ఏర్పడుతుంటాయి. కాబట్టి మాటను దాచుకునే నిలకడైన అమరిక అందులో ఉండదు. ఇక శక్తి సంగతి. మామూలు సంభాషణ 60 డెసిబెల్స్ అనుకుంటే, 100 చదరపు సెంటీమీటర్ల సీసా మీద నిమిషంలో పడే ధ్వనిశక్తి ఒక జౌల్‌లో పది లక్షల వంతు కూడా ఉండదు. 100 గ్రాముల నీటిని 1 డిగ్రీ సెల్సియస్ వేడెక్కించడానికి దానికి దాదాపు 70 కోట్ల రెట్లు కావాలి. కొందరు మాట్లాడకుండా మాట రాసిన చీటీని సీసాకు అంటించి వదిలేస్తారు, ఆ పద్ధతిలో ఆ ధ్వని కూడా లేదు.

"పిల్లలకు మంచి మాట నేర్పడానికే కదా"

మంచి మాట నేర్పాల్సిందే, దానికి బూజు సాక్ష్యం అక్కర్లేదు. పొగిడిన సీసా కుళ్లితే ఫలితాన్ని దాచేసి మళ్లీ చేయమనడం మాత్రం పిల్లవాడికి చేసే అన్యాయం.

నిజంగా పరీక్షించాలంటే ఇలా చేయించండి. సుమారు 300 గ్రాముల బియ్యం ఒకే కుక్కర్లో వండి, పళ్లెంలో ఆరబోసి, బాగా కలపాలి. ఒకే రకం సీసాలు 20 తీసుకుని నీళ్లలో 10 నిమిషాలు మరిగించి ఆరబెట్టాలి. ఒక్కోదాంట్లో 40 గ్రాములు తూచి వేయాలి. అన్నిటినీ ఒక గంట పక్కపక్కనే తెరిచి ఉంచి, మూతులకు దూది బిరడాలు పెట్టాలి. మూత బిగిస్తే పులిసేటప్పుడు పుట్టే వాయువు ఒత్తిడి పెంచుతుంది. సీసాలకు నంబర్లు వేసి, ఏది పొగడాలో ఏది తిట్టాలో ఒకరు బొమ్మాబొరుసు వేసి నిర్ణయించి, ఒక్కో వైపు 10 నిండేదాకా రాసుకోవాలి. మాటలు ఫోన్‌లో రికార్డు చేసి ఒకే శబ్దంతో, ఒకే దూరం నుంచి 2 నిమిషాలు వినిపించాలి. ఆ సమయంలో రెండో గుంపు వేరే గదిలో ఉండాలి. మిగతా వేళల్లో అన్నీ ఒకే అట్టపెట్టెలో ఉండాలి, రోజూ వాటి స్థానాలు మార్చాలి. 1 సెంటీమీటరు గడులు గీసిన పారదర్శక షీటు సీసాకు చుట్టి, బూజున్న గడులు 10 రోజులు లెక్కపెట్టాలి. లెక్కపెట్టేవారికి ఆ జాబితా తెలియకూడదు.

సైన్స్ ఫెయిర్‌కైతే ఇవే 20 సీసాల్లో మాటను తీసేసి ఉప్పును పెట్టడం మేలు: 0, 1, 2, 3 గ్రాములు, ఒక్కోదానికి 5 సీసాలు. ఉప్పును 10 మిల్లీలీటర్ల మరిగించి చల్లార్చిన నీటిలో కరిగించి కలపాలి. ఉప్పులేని సీసాల్లోనూ అంతే నీరు పోయాలి, లేకపోతే తేమ కూడా మారిపోతుంది. ఉబ్బసం ఉన్న పిల్లలను దూరంగా ఉంచండి. బూజు పట్టిన సీసాను వాసన చూడనివ్వకండి. అయిపోయాక దూది తీయకుండానే కవర్లో గట్టిగా కట్టి పారేయండి.