దోమకు కోరం అక్కర్లేదు

గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషణ కమిటీ ఉండగా ఊళ్ళో జ్వరాలెందుకు వస్తున్నాయని అడగడం, తాళం వేసి ఉండగా దొంగలెట్లా పడ్డారని అడిగినట్టే ఉంటుంది. తాళం పని తాళం చేసింది. గోడకు కన్నం పడితే దాని తప్పు కాదు.

2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ చలవతో ఏర్పడిన ఈ కమిటీ నిర్మాణంలో వంక పెట్టడానికేమీ లేదు. కనీసం పదిహేను మంది సభ్యులు. అందులో సగం మంది ఆడవాళ్లు. ప్రతి వాడకూ, ప్రతి తండాకూ చోటు. నెలకోసారి సమావేశం. ఏడాదికి రూ.10,000 అన్‌టైడ్ ఫండ్. అన్‌టైడ్ అంటే దేనికీ ముడిపెట్టని నిధి. ఎవరికీ ముట్టని నిధి అని పాఠాంతరం కూడా ఉంది. నెలకు లెక్కేస్తే 833 రూపాయలు, తలా పంచితే 55. ప్రజారోగ్యం మీద మనిషికి ఒక ఛాయ్, ఒక ప్లేటు మిర్చిబజ్జీ పాటి చర్చ జరగాలన్నది ఈ కేటాయింపు వెనకున్న శాస్త్రీయ దృక్పథం అనుకోవాలి.

సగం మంది మహిళలు అన్న నిబంధన అమలులో మన నల్గొండ, పాలమూరు పల్లెలు ఎవరికీ తీసిపోవు. సభ్యులు సమావేశానికి రావడం పాత పద్ధతి. ఇప్పుడు తీర్మాన పుస్తకమే గడప గడపకూ పోతుంది.

“అక్కా, గీడ ఒక సంతకం పెట్టు.”

“ఏం రాసిన్రు దీంట్ల?”

“దోమల గురించి.”

“మా ఇంట్ల మస్తున్నయి. గది గూడ రాసుకో.”

ఆమె చెప్పింది పుస్తకంలోకి ఎక్కదు. ఎజెండా ముందే ఖరారైంది కదా. అయితే ఆ పూట ఊరి మొత్తం మీద దోమల గురించి కళ్లారా చూసి చెప్పిన సాక్ష్యం అదొక్కటే.

వానాకాలం మొదలవగానే కమిటీ ముందుకొచ్చే జబ్బు పేరు ‘విషజ్వరం’. ఏ ల్యాబులోనూ ఈ పేరుతో పరీక్ష ఉండదు కాబట్టి ఇది లేదని రుజువు చేయడం ఎవరి తరమూ కాదు. డెంగీ అంటేనే చిక్కు. జ్వరం మొదలైన అయిదు రోజుల్లోపు ఎన్‌ఎస్1 (నెత్తుట్లో వైరస్ ప్రోటీన్ కోసం), ఆ తర్వాత ఐజీఎం (వైరస్‌తో పోరాడే యాంటీబాడీల కోసం) పరీక్ష చేయాలి, అదీ ఎలీసా అనే ల్యాబు పద్ధతిలో తేలితేనే సర్కారు లెక్కలోకి వస్తుంది. ప్రైవేటు దవాఖానలో ర్యాపిడ్ టెస్టు కార్డు మీద రెండు గీతలు వచ్చినంత మాత్రాన అది కేసు కాదు, అనుమానం. కాబట్టి మంచం పట్టిన మనిషి మంచం మీదే ఉండగా ‘మా ఊళ్ళో డెంగీ కేసులు సున్నా’ అని నిజాయితీగా రాసుకునే వెసులుబాటు ఉంది. ఈలోగా ఒళ్లునొప్పులకని ఊరి ఆర్‌ఎంపీ డైక్లోఫెనాక్ సూది వేస్తాడు. డెంగీలో పారాసిటమాల్ తప్ప అలాంటి నొప్పి మందులు వాడొద్దనీ, నెత్తురు కారే ప్రమాదం పెరుగుతుందనీ గోడ మీద పోస్టర్ ఉంటుంది. ఆ పోస్టర్ అంటించిన రోజు ఫొటోలో ముందు వరసలో నిలబడింది కూడా సదరు ఆర్‌ఎంపీనే.

ఇక చర్యలు. ఏ చర్యనైనా కమిటీ మూడు గీటురాళ్ల మీద పరీక్షిస్తుంది: కంటికి కనిపించాలి, ముక్కుకు తగలాలి, ఫొటోలో పడాలి. ఈ మూడింటిలోనూ పొగ యంత్రానికి నూటికి నూరు. సాయంత్రం ఆరింటికి ట్రాక్టరు మీద భుగభుగమంటూ బజారెంట పోతుంది, పిల్లలు వెనక ఉరుకుతారు, దగ్గొస్తుంది. దగ్గొచ్చిందంటే మందు పనిచేసినట్టే. డెంగీ దోమ పగలు కుడుతుందనీ, ఇంట్లో మంచం కింద, దండెం మీది బట్టల వెనక నక్కి ఉంటుందనీ, బజార్లో పొగ పెడితే దానికి అందదనీ చెప్పేవాళ్లను అభివృద్ధి నిరోధకులు అంటారు. కేసు తేలిన ఇంటి చుట్టూ ఓ యాభై ఇళ్లలో, ఇంటి లోపల, రెండు శాతం పైరెత్రం మందును ఒక వంతుకు పందొమ్మిది వంతుల కిరోసిన్ కలిపి కొట్టాలన్నది అసలు పద్ధతి. ఇంటింటికీ పోవాలి, అన్నం గిన్నెల మీద మూతలు పెట్టించాలి, తలుపులేసి కాసేపు ఆగాలి. ఇందులో ఊరేగింపు అంశ బొత్తిగా లేదు.

పొగకు చచ్చేది ఎగిరే దోమే. గోళెంలో ఈదే దోమ పురుగుకు పొగతో పనిలేదు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు కాబట్టే శుక్రవారం డ్రైడే పెట్టారు: వారానికోసారి గోళెం, డ్రమ్ము, కూలర్ ఖాళీ చేసి ఆరబెట్టడం. ఒలకబోస్తే సరిపోదు. ఈ దోమ గుడ్లు పెట్టేది నీటి అంచుకు కాస్త పైన, గోడకు అంటించి. నీళ్లు లేకున్నా నెలల తరబడి అట్లాగే ఉండి, మళ్లీ నింపగానే పొదుగుతాయి. కొబ్బరి పీచుతోనో బ్రష్షుతోనో లోపలంతా గీకి తోమితే తప్ప డ్రైడే పూర్తయినట్టు కాదు. మరి పాలమూరు పల్లెల్లో ఇల్లు తాళమేసి బొంబాయికో పుణేకో వలసపోయినవాళ్ల వాకిట్లో గోళెం సంగతేమిటి? వానకు నిండుతుంది. తాళం వేసిన ఇంట్లో నివాసులు లేరు కనుక అది సర్వేలోకి రాదు. దోమలు మాత్రం ఆ ఇంట్లో కిరాయి కట్టకుండా కాపురం చేస్తాయి. కమిటీ నెలకోసారి కలుస్తుంది. రెండు సమావేశాల మధ్య దోమ రెండు తరాలను చూస్తుంది. సమావేశానికి కనీసం ఇంతమంది రావాలన్న కోరం బాధ దానికి లేదు.

బ్లీచింగ్ పౌడర్ దగ్గరికొస్తే కమిటీ కళాభిరుచి బయటపడుతుంది. అధికారి వస్తున్నాడని తెలిసిన రోజు పొద్దున మోరీల అంచున తెల్లగా వేసే ఆ ముగ్గుకు సంక్రాంతి ముగ్గు సాటిరాదు. ఎండిన మట్టి మీద, చెత్త మీద పడిన క్లోరిన్ ఆ చెత్తతోనే ఖర్చైపోతుంది. దోమ పురుగులకు దానితో నిమిత్తం లేదు. మోరీలో నీళ్లు నిలిచాయంటే పూడిక తీయాలి, లేదా పది లీటర్ల నీళ్లకు 2.5 మిల్లీలీటర్ల చొప్పున 50 శాతం టెమిఫాస్ అనే దోమ పురుగుల మందు కలిపి వారం వారం కొట్టాలి. అదేమో రంగు తేలని మందు. తెల్ల గీత రాదు. మొదటి గీటురాయి మీదే పోయింది.

బ్లీచింగ్ నిజంగా వేయాల్సిన చోటు ఊరి ట్యాంకు. 40,000 లీటర్ల ట్యాంకుకు, పౌడర్‌లో 25 శాతం క్లోరిన్ ఉంటే, వెయ్యి లీటర్లకు నాలుగు గ్రాముల లెక్కన 160 గ్రాములు. రోజూ. ముందు ప్లాస్టిక్ బకెట్లో కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, తర్వాత బకెట్ నింపి, పది నిమిషాలు కదపకుండా పెడితే సున్నం అడుక్కు దిగుతుంది. పైన తేరిన నీళ్లు ట్యాంకులో పోసి, అడుగుది పారేయాలి. అరగంట ఆగి వాల్వు తిప్పాలి. జరిగేది వేరు. పాతిక కిలోల సంచి పంచాయతీ ఆఫీసు మూలన మూతి విప్పి ఉంటుంది. తేమ పీల్చి గడ్డకట్టి, కాగితం మీది 25 శాతం చేతికొచ్చేసరికి ఏ పదో మిగులుతుంది. వాటర్‌మన్‌కు తూకం ఇచ్చినవాళ్లు లేరు, ఆయన చిప్పతో కొలుస్తాడు. పేపర్లో వార్త వచ్చిన రోజు కిలో దాకా గుమ్మరిస్తాడు. నీళ్లు వాసనొస్తున్నాయని ఆడవాళ్లు లొల్లి చేస్తే తర్వాత నాలుగు రోజులు అసలు వేయడు. సగటు తీస్తే మోతాదు సరిగ్గానే ఉంటుంది. కమిటీ సగటునే నమ్ముతుంది.

క్లోరిన్ పరీక్షలోనూ ఇంతే. గొట్టంలో నీళ్లు పట్టి ఓటీ (ఆర్థోటోలిడిన్) చుక్కలు వేస్తే క్లోరిన్ ఉన్నకొద్దీ పసుపు తేలుతుంది. రంగును పది సెకన్లలోపు చూడాలి, లేకుంటే నీళ్లలో మురికితో కలిసిపోయిన క్లోరిన్ కూడా లెక్కలో చేరి ఎక్కువ చూపిస్తుంది. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాల్సింది ఊరి చివరి నల్లా దగ్గర. పరీక్ష చేసేదేమో ట్యాంకు కింద మొదటి నల్లా దగ్గర, రంగు చూసేది ఛాయ్ తాగి వచ్చాక. చక్కటి పసుపు వస్తుంది. దేవరకొండ వైపు తండాల్లాగా పైపు తోక చివర బతికేవాళ్లకు ఆ పసుపు ఫొటోలో కనిపిస్తుంది.

ఇంతకీ ట్యాంకుకూ తండాకూ మధ్య ఏమవుతుంది? ప్రెషర్ లేదని జనం నల్లా దగ్గర గుంత తవ్వి, పైపును నేల మట్టానికి దించి బిందె పెడతారు. తప్పు వాళ్లది కాదు, నీళ్లు పైకి ఎక్కవు మరి. సరఫరా ఆగగానే పైపు లోపల ఖాళీ ఏర్పడి, ఆ గుంతలో నిలిచిన బట్టల నీళ్లు, బర్రెల నీళ్లు వెనక్కి లాక్కుంటుంది. వాల్వు గుంతలో మోరీ నీళ్లుంటే అక్కడా అంతే. మరుసటి రోజు మొదటి బిందె పట్టినవాళ్లకు వాంతులు, విరేచనాలు. గుంత పూడ్చి, నల్లాను అడుగున్నర ఎత్తు లేపి, చుట్టూ సిమెంటు గద్దె కట్టి, లీకయ్యే వాల్వు కాడ చుట్టూ నీళ్లు కారకుండా బిగించే గ్లాండు తాడు మారిస్తే ఈ రోగం చాలావరకు అక్కడే ఆగుతుంది. 833 రూపాయల్లో గ్లాండు తాడు వస్తుంది. ప్రారంభోత్సవం చేయడానికి మాత్రం అదేం బాగుండదు.

అన్నిటికంటే గొప్ప తీర్మానం ‘నీరు కాచి చల్లార్చి తాగవలెను’. నిజానికి విరేచనాలకు ఇది మంచి సలహానే. కానీ నల్గొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ల ఊళ్లలో ఇదే వాక్యం కాపీ కొట్టి రాస్తే? ఫ్లోరైడ్ కాస్తే పోదు. నీళ్లు ఆవిరై అది గిన్నెలో మిగులుతుంది. లీటరుకు మూడు మిల్లీగ్రాములున్న నీళ్లను సగం అయ్యేదాకా కాస్తే ఆరు అవుతుంది. అనుమతించే గరిష్ఠ హద్దు 1.5. ఈ జిల్లా పేరుతోనే ప్రపంచానికి తెలిసిన ‘నల్గొండ టెక్నిక్’ ఉంది, నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించింది: పటిక, సున్నం, బ్లీచింగ్ వేసి, నిమిషం పాటు జోరుగా, తర్వాత నిదానంగా కలిపి, తేరనిచ్చి, పైనీళ్లు తీసుకోవడం. అందుకే బకెట్ నల్లా అడుగున కాదు, కొన్ని సెంటీమీటర్ల పైన పెట్టాలి, మడ్డి కిందే ఉండిపోయేలా. పటిక ఎంతన్నది నీళ్లలో ఫ్లోరైడ్, క్షారత ఎంతున్నాయో చూసి తేల్చుకోవాలి. ఈ ‘చూసి’ అన్న మాట దగ్గరే కమిటీ వెనకడుగేస్తుంది.

అందుకు బదులు డబ్బా నీళ్ల ప్లాంటు యజమాని టీడీఎస్ మీటర్ ముంచి “జూడుండ్రి, ఎనభయ్యే” అంటాడు. టీడీఎస్ మీటర్ మొత్తం లవణాలను చూపిస్తుంది, ఫ్లోరైడ్‌ను విడిగా చూపించదు. నీళ్లు మరీ చప్పగా ఉన్నాయని రుచికోసం బోరు నీళ్లు కొంత కలిపితే అందులో ఫ్లోరైడ్ ఎంత చేరిందో ఆ మీటర్ చెప్పదు. అది తేల్చాలంటే రంగు మారే రసాయనపు కిట్ కావాలి. కిట్ ఉంది. పంచాయతీ బీరువాలో భద్రంగా ఉంది. సీసాల మీది తేదీలు దాటిపోయినా ముద్ర విప్పలేదు. మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లు రాని రోజు పాత బోరు మోటరు వేసి అదే ట్యాంకులోకి ఎక్కిస్తే ఆ పూట ఊరు ఏ నీళ్లు తాగిందో బీరువా తాళం తీస్తే తెలిసేది. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, ఫొటోలో పడదు. పడేది ఇరవై ఏళ్ల తర్వాత, నడుము వంగినాక.

ఈ నెల ఎజెండాలో మొదటి అంశం గత నెల తీర్మానాల ఆమోదం. రెండోది ట్యాంకు శుభ్రత. ‘శుభ్రం చేసిన తేదీ’ అన్న చోట ఇవాళ్టి తేదీ నీలం రంగులో ముద్దగా రాసి ఉంది, ఇంకా ఆరలేదు. రాసింది ట్యాంకు స్తంభం మీద, మనిషి ఎత్తులో. నిచ్చెన మెట్లకు తుప్పు పట్టింది కాబట్టి పైకి ఎక్కలేదు.