తలకిందుల పిరమిడ్‌కు ఇరవై మార్కులు

జర్నలిజం కోర్సుల్లో వార్త రాయడం నేర్పడం లేదని కొందరు ఆడిపోసుకుంటున్నారు. ఇది శుద్ధ అన్యాయం. వార్త ఎలా రాయాలో వ్యాసం రాయడం చక్కగా నేర్పుతున్నారు. మార్కులు దానికే కదా.

‘తలకిందుల పిరమిడ్ శైలిని వివరింపుము’ అన్న ప్రశ్న చూడండి. ముఖ్యమైనది ముందు, తక్కినది తర్వాత. చోటు చాలక కింది పేరాలు కోసేసినా వార్త చెడకూడదు. శైలి ఇంతే. ఈ మాట మొదటి వాక్యంలోనే చెప్పేసి లేచిపోయినవాడికి రెండు మార్కులొస్తే గొప్ప. తెలివైనవాడు ఉపోద్ఘాతంతో మొదలుపెట్టి, నిర్వచనాలు, టెలిగ్రాఫ్ కాలం నాటి చరిత్ర, స్కేలుతో గీసిన బొమ్మ మీదుగా నాలుగో పేజీలో అసలు సంగతికి వస్తాడు. ఆ జవాబును కింది నుంచి కోస్తే మిగిలేది ఉపోద్ఘాతమే. పిరమిడ్‌ను నిటారుగా నిలబెట్టి తలకిందుల పిరమిడ్‌ను వివరించడం సామాన్యమైన నేర్పు కాదు.

కమ్యూనికేషన్ సిద్ధాంతాల పేపరు ఇంకా పటిష్ఠం. 1948లో టెలిఫోన్ కంపెనీ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తూ క్లాడ్ షానన్ అనే అమెరికన్ గణితజ్ఞుడు ఓ చివర పంపిన సందేశం రెండో చివర చెడకుండా ఎలా చేరుతుందో లెక్కగట్టాడు. సందేశంలోని అర్థంతో ఈ ఇంజనీరింగ్ సమస్యకు సంబంధం లేదని మొదట్లోనే రాసిపెట్టాడు. సందేశం దారిని చూపుతూ ఆయన గీసిన డబ్బాలూ బాణాలూ తర్వాత జర్నలిజం క్లాసుకొచ్చి స్థిరపడ్డాయి, ఆ మాటతో సహా. పాత నోట్సు సంకేతమై బయల్దేరి, జెరాక్స్ అనే మాధ్యమం గుండా ప్రయాణించి, జవాబు పత్రం మీద పొల్లు పోకుండా దిగుతుంది. దారిలో అర్థం ఎవరికీ అడ్డు రాదు. ‘నాయిస్’, అంటే సందేశాన్ని చెడగొట్టే రొద, అంటూ ఉంటే, అది మధ్యలో చెయ్యెత్తి సందేహం అడిగేవాడు.

ప్రాక్టికల్స్ లేవనడమూ తప్పే. ల్యాబ్ జర్నల్ ఉంది, అంటే విద్యార్థులు సాధన కోసం తెచ్చే పత్రిక. పేరుకు పక్షపత్రికే గానీ, తనిఖీ బృందం వస్తోందని తెలిసిన వారంలో పుడుతుంది. పేజీ నమూనా (డమ్మీ) గీయడం, వార్త కాపీ దిద్దడం, శీర్షికను కాలమ్ వెడల్పులో ఇమడ్చడం, ప్రూఫు చదవడం అందరూ వంతులవారీగా చెయ్యాలి. కానీ పేజీ పెట్టే సాఫ్ట్‌వేర్ ఒక్కడికే వచ్చు. అతను కూర్చుంటాడు, తక్కినవాళ్లు కుర్చీ వెనక నిలబడి అనుభవం గడిస్తారు. మొదటి పేజీలో విభాగంలో జరిగిన సదస్సు. ఎవరు? ముఖ్య అతిథి. ఏం చేశారు? ఉద్ఘాటించారు. ఎందుకు? స్థలాభావం. పాత ఫాంటు నుంచి యూనికోడ్‌కు మార్చేటప్పుడు ఒత్తులు చెదిరి ఆ అతిథి పేరే మారిపోయినా, ప్రూఫు చూసినవారి పేరు మాత్రం చివరి పేజీలో తప్పుల్లేకుండా పడుతుంది.

వీడియో ల్యాబుదీ ఇదే క్రమశిక్షణ. చొక్కాకు తగిలించే మైకు ఉంటుంది, అందులో బ్యాటరీ ఉండదు. అందుకని పది అడుగుల దూరాన పెట్టిన కెమెరా మైకుతోనే ఇంటర్వ్యూ కానిస్తారు. ఎడిటింగ్‌లో చూసుకుంటే సీలింగ్ ఫ్యాన్ చెప్పింది స్పష్టంగా ఉంటుంది, మనిషి చెప్పింది ఉండదు. శబ్దం పెంచితే దాంతోపాటే ఫ్యానూ పెరుగుతుంది కాబట్టి తర్వాత చేయగలిగిందీ పెద్దగా లేదు. రికార్డు చేస్తూ హెడ్‌ఫోన్‌లో వింటే అక్కడే తెలిసేది. హెడ్‌ఫోన్ లేదని ఎవరన్నారు? స్టాకు రిజిస్టరులో ఉంది.

ఇక చివరి సెమిస్టర్ ప్రాజెక్టు. రెండు దినపత్రికలు, మూడు నెలల సంచికలు, ఒక స్కేలు. ఏ వార్తకు ఎన్ని కాలమ్ సెంటీమీటర్లు, అంటే ఒక కాలమ్ వెడల్పున ఎన్ని సెంటీమీటర్ల పొడవు చోటు, ఇచ్చారో కొలవాలి. వార్తలను ఇద్దరు విడివిడిగా వర్గీకరించి, ఎంతవరకు ఏకీభవించారో లెక్క చూపాలి. పూర్తి ఏకీభావం 1.0 అనుకుంటే, 0.8 వస్తే బాగున్నట్టే. మనవాళ్లకు 1.0 వస్తుంది, ఇద్దరూ ఒక్కరే కాబట్టి. ఇంతటి ఏకాభిప్రాయం ఏ న్యూస్‌రూములోనూ దొరకదు.

అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయంలో 1908లో జర్నలిజం స్కూలు పెట్టినప్పుడు ఇంత నిదానం లేకపోయింది. క్లాసులు మొదలైన రోజే విద్యార్థుల చేత పత్రిక తెచ్చేశారు. దూకుడు ఎక్కడిదా అని ఆరా తీస్తే తేలేదేమిటంటే, తొలి డీన్ వాల్టర్ విలియమ్స్‌కు కాలేజీ డిగ్రీయే లేదు. ఇప్పుడాయన అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు దరఖాస్తు పెట్టినా తొలి వడపోతలోనే పోతుంది. డిగ్రీ గడే ఖాళీ. అనుభవం గడిలో పత్రికలు నడిపానని రాసుకుంటాడు కాబోలు, దానికి పాయింట్లు లేవు.