సవరణ: ప్లాసిబో పరీక్షల మీద హెల్సింకీ ప్రకటన ఏమంటుంది?

పేద దేశాల్లో జరిగే మందుల పరీక్షల గురించి రాసిన పోస్టులో, పనిచేసే చికిత్స ఉన్నచోట ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) ఇవ్వడాన్ని హెల్సింకీ ప్రకటన (మనుషులపై జరిగే వైద్య పరిశోధనకు నైతిక నియమావళి) పూర్తిగా నిషేధించిందని అన్నాను. అది తప్పు. ప్రపంచ వైద్య సంఘం ప్రచురించిన పాఠంలోనే మినహాయింపు ఉంది: పద్ధతి రీత్యా బలమైన శాస్త్రీయ కారణం ఉండాలి, పాల్గొనేవారికి తీవ్రమైన లేదా సరిదిద్దలేని హాని ముప్పు పెరగకూడదు. 2000లో నియమాన్ని బిగించి, 2002లో వివరణ జోడించారు. నేను ఆ బిగింపు వరకే చూశాను.

ఇంకో మాట. 1990లలో పేద దేశాల్లో గర్భిణులపై జరిగిన ఏజెడ్‌టీ (హెచ్‌ఐవీ మందు) పరీక్షల ప్రస్తావన ఆ పోస్టులో చూసి, కొందరు పాఠకులు అక్కడ అందుబాటులో ఉన్న మందునే దాచిపెట్టారని అనుకున్నారు. అలా కాదు. తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ సోకడాన్ని ఆ మందు దాదాపు మూడింట రెండొంతులు తగ్గిస్తుందని 1994లోనే తేలింది. కానీ ఆ పద్ధతిలో గర్భం మధ్య నుంచే మాత్రలు, కాన్పప్పుడు నరంలోకి మందు, తర్వాత బిడ్డకు ఆరు వారాలు మందు ఇవ్వాలి. ఖర్చు, వసతులు లేక పేద దేశాల్లో దాన్ని అమలు చేయలేకపోయారు. తక్కువ కాలం ఇచ్చే చౌక పద్ధతి పనిచేస్తుందా అన్నదే అక్కడి ప్రశ్న. 1998లో థాయిలాండ్ ఫలితాల్లో గర్భం చివరి నెలలో, కాన్పు సమయంలో ఇచ్చిన మాత్రలతోనే సంక్రమణ సగానికి తగ్గింది.

అయినా, పనిచేసే మందు ఉందని తెలిసీ కొందరు తల్లులకు ప్లాసిబో ఇవ్వడం న్యాయమా అన్న విమర్శ అలాగే ఉంది. నా అభిప్రాయమూ అటువైపే. మారింది నియమం గురించి నేను చెప్పిన వాక్యం మాత్రమే; పాత పోస్టులో దాన్ని సరిచేశాను.