బీపీఎస్‌లో ఎస్ తీసేస్తే

రోజూ అరగంట నడవమన్నారు మా డాక్టరుగారు. ఎక్కడ నడవాలో మాత్రం చీటీలో రాయలేదు.

ఆయన క్లినిక్కు విజయవాడ సూర్యారావుపేటలో. రక్తపరీక్షకి నాలుగు షాపుల అవతలున్న ల్యాబుకి పంపారు. ఆ నాలుగు షాపులూ దాటడానికి నడిరోడ్డు మీదికి దిగాల్సి వచ్చింది, ఎందుకంటే ఫుట్‌పాత్ మీద వరసగా ఒక జనరేటరు, ఒక ట్రాన్స్‌ఫార్మరు, పునుగుల బండి, పునుగులు తినేవాళ్ల బండ్లు, ఆపైన మూత ఎగిరిపోయిన డ్రైనూ ఉన్నాయి. ఎవరూ పడకుండా ఓ పుణ్యాత్ముడు ఆ డ్రైనులో వేపకొమ్మ గుచ్చిపెట్టాడు. నగరంలో పచ్చదనం పెంపు అంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది.

రెండు ఆటోలు మోచేతికి రాసుకుంటూ పోయాయి. ల్యాబులో అమ్మాయి బీపీ చూడబోయి, "నడిచొచ్చారా అంకుల్? అయితే కాసేపు కూర్చోండి, లేకపోతే ఎక్కువ చూపిస్తుంది" అంది. నడిస్తే బీపీ తగ్గుతుందనేది ఏ ఊరివాళ్లు చెప్పిన మాటో మరి.

మన టౌన్ ప్లానింగుని తిట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లుమంట. అందులో లోతు తెలీక తిడతారు. ప్లానులో సెల్లారు పార్కింగని చూపిస్తారు, కట్టాక అందులో స్కానింగ్ సెంటరు పెడతారు, దాంతో బండ్లు ఫుట్‌పాత్ ఎక్కుతాయి, ఫుట్‌పాత్ మీదివాడు రోడ్డెక్కుతాడు, రోడ్డెక్కినవాణ్ని ఏదో ఒక బండి గుద్దుతుంది, గుద్దించుకున్నవాడు తిన్నగా ఆ సెల్లారులోకే స్కానింగుకి వస్తాడు. ఇంత పకడ్బందీ ప్రణాళిక ఇంకెక్కడైనా ఉంటే చూపించండి.

ఇక బీపీఎస్, అంటే బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్. ప్లానుని గాలికొదిలేసి కట్టుకోండి, తర్వాత అపరాధ రుసుము కడితే సక్రమం చేసేస్తాం అనే పథకం. 2007 చివర్లో తెచ్చారు, 2015లో మళ్లీ తెచ్చారు, 2019లో ఇంకోసారి. ఆఖరి అవకాశం అనేది మన దగ్గర సిటీ బస్సు లాంటిది, ఒకటి తప్పిపోతే వెనకాలే ఇంకోటి. ఆ పేరులోంచి చివరి ఎస్ తీసేస్తే ఏం మిగులుతుందో నన్నడక్కండి, మందులషాపు వాణ్ని అడగండి.

మా అపార్ట్‌మెంటే చూడండి. పడగ్గది కిటికీ తీస్తే పక్కవాళ్ల వంటగది, చెయ్యి చాపితే ఉప్పు అందుకోవచ్చు. వాళ్లు పోపేస్తే దగ్గు మాది. వాళ్ల ఏసీ వదిలే వేడి మాకు, మాది వాళ్లకి, ఇరుగుపొరుగు అన్నాక ఇచ్చిపుచ్చుకోవడాలుంటాయి కదా. మే నెలలో పగలంతా ఎండ తాగిన కాంక్రీటు రాత్రంతా దాన్ని మా మీదికి కక్కుతూ కూర్చుంటుంది. విచిత్రం ఏమిటంటే, ఇంత ఎండ కాసే ఊళ్లో మా ఇంటిల్లిపాదికీ డి విటమిన్ తక్కువని తేలింది. ఇంట్లోకి ఎండ రాదు, వేడి మాత్రం వస్తుంది. వారానికో 60,000 యూనిట్ల గోళీ రాశారు. సూర్యుణ్ని సూర్యారావుపేటలో స్ట్రిప్పుల లెక్కన కొనుక్కుంటున్నాం.

బీపీఎస్‌కి లొంగనిది ఈ జిల్లాలో బుడమేరు ఒక్కటే. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేట్లో కలిసే వాగు. అది పారే దారిలో, పొంగితే పరుచుకునే పల్లంలో మనం ప్లాట్లు వేసుకుని, రాళ్లు పాతుకుని, గృహప్రవేశాలు చేసుకున్నాం. 2024 సెప్టెంబరు 1న గట్లకి గండ్లు పడి సింగ్‌నగర్‌లోకీ, రాజరాజేశ్వరీపేటలోకీ వచ్చేసింది. రుసుము కట్టించుకునే ఓపిక దానికి లేదు, కింది అంతస్తులు మొత్తం జమ చేసుకుంది. రోజుల తరబడి ఆ మురుగునీళ్లలో తిరిగి జనానికి కాలివేళ్ల సందులు ఒరిసిపోయాయి. ఆ ప్లాట్లు అమ్మినవాళ్ల కాళ్లు కూడా ఒరిశాయా అంటే, వాళ్లు అక్కడెందుకుంటారండీ, అక్కడ నీళ్లొస్తాయని వాళ్లకి తెలుసు కదా.

సరే, నా నడక సంగతి. కొన్నాళ్లు నడవడానికని బండేసుకుని బందరు రోడ్డులోని స్టేడియానికి వెళ్లాను. వెళ్లడానికి ఇరవై నిమిషాలు, బండి పెట్టడానికి పది, అప్పటికే అరగంట అయిపోయేది. మా ఆవిడ ఆలోచించి, "ట్రెడ్‌మిల్ కొనేద్దామండీ, బాల్కనీలో పెట్టుకోవచ్చు" అంది. కొలిస్తే బాల్కనీ చాల్లేదు. మేస్త్రీని పిలిచాం. టేపు పట్టి చూసి, ఇంకో మూడడుగులు స్లాబు ముందుకి లాగితే సరిపోతుందన్నాడు.

"రోడ్డు మీదికి వచ్చేస్తుంది కదయ్యా?"

"రోడ్డు కాద్సార్, ఫుట్‌పాతే. దాని మీద ఎవరు నడుస్తారు?"

నిజమే కదా అనిపించి అడ్వాన్సు ఇచ్చేశాను.