కళ్లజోడు తీసి చూసిన వజ్రం

వజ్రం ఎంత స్వచ్ఛమైనదో తేల్చడానికి ప్రయోగశాలల్లోని నిపుణులు 10 రెట్లు పెద్దదిగా చూపే భూతద్దాన్ని ప్రమాణంగా పెట్టుకున్నారు. నిశ్చితార్థపు ఉంగరాన్ని ఆన్‌లైన్‌లో కొనదలచిన మా తమ్ముడు ల్యాప్‌టాప్‌ను ప్రమాణంగా పెట్టుకున్నాడు. సుమారు 6.5 మిల్లీమీటర్ల వ్యాసముండే ఒక క్యారెట్ గుండ్రటి రాయిని 15 అంగుళాల తెర నిండా పరిస్తే అది దాదాపు 30 రెట్లు పెరిగినట్టు లెక్క. అంత దగ్గరగా చూస్తే ఏ రాయి గుట్టయినా రట్టవుతుంది. వాడు చూసిన ప్రతి వజ్రంలోనూ ఒక నల్ల బండో, ఒక తెల్ల మబ్బో కనిపించసాగింది. "అన్నయ్యా, ఇది వజ్రం కాదు, క్వారీ!" అని నాకు రోజూ ఫోన్ చేసేవాడు.

వజ్రాలను పరీక్షించి శ్రేణులిచ్చే అమెరికా సంస్థ జి.ఐ.ఎ. పట్టికలో స్వచ్ఛతకు ఏ లోపమూ లేని ఎఫ్.ఎల్. నుంచి లోపాలు కొట్టొచ్చినట్టు కనిపించే ఐ-3 వరకు 11 మెట్లున్నాయి. పైమెట్టు మీది రాయి కొనేంత డబ్బు వాడి దగ్గర లేదు, కిందిమెట్టుది కొనేంత ధైర్యమూ లేదు. అందుచేత మధ్యలో వి.ఎస్. (అతి స్వల్ప లోపాలు), ఎస్.ఐ. (స్వల్ప లోపాలు) అనే ప్రాంతంలో కాపురం పెట్టాడు. ఎస్.ఐ.-3 అని రాసి ఉన్న రాయి ఒకటి చవకగా దొరికిందని సంబరపడ్డాడు గానీ, ఆ మెట్టు జి.ఐ.ఎ. పట్టికలోనే లేదని తెలిశాక ఆ పేజీని మూసేశాడు. వాడి మీద నాకు గౌరవం కలిగిన ఏకైక సందర్భం అది.

ఆ తర్వాత వాడు సర్టిఫికెట్ చదవడం నేర్చుకున్నాడు. అందులో రాయి బొమ్మ గీసి, లోపలి లోపాలను ఎర్ర గుర్తులతో, పైపై మచ్చలను ఆకుపచ్చ గుర్తులతో చూపిస్తారు. క్లౌడ్ (మబ్బులాంటి మసక), ఫెదర్ (ఈకలాంటి పగులు), నీడిల్ (సూదిలాంటి గీత), క్రిస్టల్ (లోపల చిక్కుకున్న స్ఫటికం) అంటూ లోపాల పేర్లు వాడు ఫోన్‌లో ఏకరువు పెడుతుంటే రేపు వాన పడుతుందేమోనని నాకు అనుమానం వచ్చేది. బొమ్మ కింద చిన్న అక్షరాలలో ఉండే వ్యాఖ్యను చదవడం మాత్రం నిజంగా తెలివైన పని. కొన్ని అదనపు క్లౌడ్లను బొమ్మలో చూపలేదని రాస్తే పెద్దగా భయపడనక్కరలేదు. కానీ స్వచ్ఛత శ్రేణినే ఆ చూపని క్లౌడ్లను బట్టి నిర్ణయించామని రాస్తే, బొమ్మ ఎంత తెల్లగా ఉన్నా రాయి మసకగా ఉండే అవకాశం ఉంది.

మొదట వాడి మనసు దీర్ఘచతురస్రంగా చెక్కే ఎమరాల్డ్ కట్ మీదికి పోయింది. ఆ పొడవాటి పలకలు కిటికీ అద్దాల్లా ఉండి లోపలున్నదంతా చూపించేస్తాయి కాబట్టి, 57 ముఖాల తళతళలో చిన్నాచితకా లోపాలను కప్పిపుచ్చుకునే గుండ్రటి రాయికి మారాడు. నడిమి పలక కింద ఇరుక్కున్న ఒక్క క్రిస్టల్ చుట్టూ ఉన్న ముఖాలలో ప్రతిఫలించి పది క్రిస్టళ్లలా కనిపించవచ్చని గ్రహించి, లోపం అంచు దగ్గర ఉన్న రాళ్లనే ఏరాడు. చివరికి అంచుకు చేరువగా ఒకే ఒక్క నల్ల క్రిస్టల్ ఉన్న ఎస్.ఐ.-1 రాయిని పట్టాడు. అమ్మకందారు దానికి 'ఐ క్లీన్' అని, అంటే మామూలు కంటికి లోపం కనిపించదని హామీ ఇచ్చాడు. ఇది ప్రయోగశాల ఇచ్చే శ్రేణి కాదు, అంగడి మాట. ఎవరి కంటికి, ఎంత దూరం నుంచి అన్నది అందులో చెప్పరు.

ఉంగరం వచ్చాక ముందుగా నాకు చూపించాడు. చత్వారం వచ్చిన నా కళ్లకు వజ్రమే లీలగా కనిపించింది కాబట్టి, దోషమేమీ లేదని నిండు మనసుతో సాక్ష్యం చెప్పాను.

కాబోయే మరదలిది మైనస్ 8 పవర్. ఉంగరం అందుకుని, మురిసిపోయి, బాగా చూడాలని కళ్లజోడు తీసేసి ముక్కు దాకా తెచ్చుకుంది. ఆ పవరున్న వాళ్లకు కళ్లజోడు లేకుండా 12.5 సెంటీమీటర్ల దూరంలో వస్తువు స్పష్టంగా ఆనుతుంది. మామూలుగా దగ్గరి చూపుకు లెక్కకట్టే 25 సెంటీమీటర్ల కన్నా అది సగం దూరం కనుక వస్తువు రెట్టింపు పెద్దదిగా కనిపిస్తుంది. అంటే మా తమ్ముడు తనకు తెలియకుండానే ఒక భూతద్దంతో సంబంధం కలుపుకున్నాడన్నమాట.

"ఇక్కడేదో నల్లటి చుక్క ఉంది," అందామె.

వాడు దుమ్మన్నాడు. ఆమె తుడిచింది. నీడన్నాడు. ఆమె కిటికీ దగ్గరికి వెళ్లింది. చివరికి వాడు కళ్లజోడు ఆమె చేతికిచ్చి, "ఇది పెట్టుకుని చూడు, కనిపించదు!" అని బతిమాలుకున్నాడు. చూపు సరిగా ఆనడానికి కాకుండా ఆనకుండా ఉండడానికి కళ్లజోడు పెట్టుకోమని ప్రాధేయపడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆమెకు కోపమేమీ రాలేదు, నవ్వొచ్చింది. ఆ నవ్వును వాడు భరించలేకపోయాడు. తిరిగి పంపే గడువు ఇంకా ఉంది కాబట్టి, వి.ఎస్.-1 రాయికి మార్చుకుందామని అదే రాత్రి దరఖాస్తు తెరిచాడు. కారణం గడిలో సైజు సరిపోలేదు, దెబ్బతిన్నది, వర్ణనకు భిన్నంగా ఉంది, మనసు మారింది, ఇతరములు అని ఐదే ఉన్నాయి. మనసు మారిందని నొక్కితే కాబోయే భార్య కంటపడితే ఏమవుతుందోనని జంకి, 'ఇతరములు' ఎంచుకుని "అమ్మాయి కళ్లజోడు తీసి చూసింది" అని ఉన్నదున్నట్టు రాశాడు. మర్నాడు పొద్దున్నే మర్యాదగా జవాబు వచ్చింది: "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. మా సంస్థ కళ్లజోళ్లు విక్రయించదు. దయచేసి వాటిని కొన్నచోటే సంప్రదించగలరు."