చేతికందని జానెడు మేరకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ వీపు నడిమి భాగం వారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఉత్తరాల మర్యాద. అయితే ఈ ఉత్తరాన్ని నేను వరుసగా మూడో రాత్రి బోర్లా పడుకొని రాస్తున్నాను. తమరేమో దుప్పటి అంచు తగిలినా ఇంకా భగ్గుమంటున్నారు. కనుక ఎవరి కుశలమూ ప్రస్తావించకుండా నేరుగా విషయానికి వస్తాను.

ఉష్ణమండల ద్వీపానికి ఒంటరిగా వెళ్లాలని నిశ్చయించుకున్నప్పుడు, తోడు లేని మనిషికి ఎదురయ్యే ఇబ్బందులన్నిటికీ ముందే విరుగుడు ఆలోచించుకొని బయలుదేరాను. సామానుకు కాపలా ఉండేవారు లేరు కనుక తీరానికి గది తాళంచెవి, కాస్త చిల్లర తప్ప మరేమీ తీసుకుపోలేదు. ఆ రెండింటినీ నీరు చొరబడని చిన్న సంచిలో వేసి మెడకు తగిలించుకున్నాను. వేళకు రాకపోతే వెతికేవారు లేరు కనుక, ఏ తీరానికి వెళ్తున్నానో, ఎన్ని గంటలకు తిరిగి వస్తానో రోజూ చీటీ మీద రాసి రిసెప్షన్‌లో ఇచ్చాను. మొదటి రోజు ఆ చీటీని వింతగా చూసిన ఉద్యోగి, మూడో రోజు నేను పావుగంట ఆలస్యమయ్యేసరికి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కాపలాదారులున్న చోటనే, ఛాతీ లోతు దాటకుండా ఈదాను. లోపలికి లాగే ప్రవాహంలో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకుండా, తీరానికి సమాంతరంగా ఈది బయటపడాలన్న పాఠాన్ని కూడా వల్లెవేసుకున్నాను. రెండో మనిషి చేయవలసిన పనులన్నిటినీ ఇలా తలా ఒకరికి అప్పగించాక, లెక్కలోకి రాకుండా మిగిలిపోయినది తమరొక్కరే.

ఎండ నుంచి కాపాడే లేపనం, అదే సన్‌స్క్రీన్, రాసుకోబోయిన ఉదయమే తమరి సరిహద్దులు నాకు తెలిశాయి. కుడిచెయ్యిని భుజం మీదుగా వెనక్కి చాపితే వేళ్లు మెడ కింద నాలుగంగుళాల దాకా పోతాయి. ఎడమచెయ్యి నడుము వైపు నుంచి పైకి పాకి, వెన్నెముక సగానికి కొంచెం దిగువన ఆయాసపడి ఆగిపోతుంది. ఆ రెండింటికీ నడుమ, ఏ చేతి ఏలుబడికీ లొంగని స్వతంత్ర సంస్థానం తమరిది. తలుపు చెక్కకు సన్‌స్క్రీన్ పూసి ఎలుగుబంటిలా వీపు రుద్దుకున్నాను. ఆ తలుపు మాత్రం ఈ జన్మలో ఎండకు కమలదు. స్ప్రే సీసా కొని భుజం మీదుగా కొడితే, గాలివాటానికి సగం పక్క కుర్చీ పాలైంది.

సన్‌స్క్రీన్ సీసా మీద ఉండే రక్షణ అంకె, అంటే ఎస్‌పీఎఫ్, 30 అయితే ఎండలో కాల్చే కిరణాలను దాదాపు 97 శాతం ఆపుతుందనీ, 50 అయితే 98 శాతం ఆపుతుందనీ చదివి, ఆ ఒక్క శాతం కోసం ఎక్కువ ధర పెట్టిన బుద్ధిమంతుణ్ణి నేను. చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున దట్టంగా పూసి కొలిచిన సంఖ్యలవి. ఒళ్లంతటికీ ఒక విడతకు 30 మిల్లీలీటర్లకు పైగా పడుతుంది. రెండు గంటలకొకసారి, నీటిలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ రాయాలి. ఇవన్నీ తు.చ. తప్పకుండా పాటించాను. అసలు పూయని చోట 30 అయినా, 50 అయినా సున్నాయేనన్న సంగతి ఏ సీసా మీదా రాసి లేదు.

ఆ తరువాత నీటిలో ఊపిరి తీసుకునే గొట్టం, స్నార్కెల్, పెట్టుకొని గంటన్నర సేపు బోర్లా తేలాను. కింద ఒక చిలుక చేప పగడాన్ని కొరుకుతుంటే పటికబెల్లం నమిలినట్టు చప్పుడు వినిపించింది. అది కొరికి, అరిగించుకొని, విసర్జించేది ఇసుకేనని తెలిశాక తీరంలో పొర్లాడే ఉత్సాహం కొంత తగ్గింది, అది వేరే సంగతి. చల్లని నీరు వీపు మీద పారుతుంటే ఎండ ఉన్నట్టే తోచలేదు. నీటిలో అర మీటరు లోతున కూడా పైనుండే అతినీలలోహిత కిరణాల్లో 40 శాతం ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తమరు అర మీటరు లోతున ఉన్నారా? లేదు, నీటికి పైన ఇంటికప్పులా తేలుతున్నారు. ఎండకు కమిలిన చర్మం పూర్తిగా ఎర్రబడడానికి 12 నుంచి 24 గంటలు పడుతుంది కనుక ఆ సాయంత్రం నేను గెలిచాననే అనుకున్నాను. మర్నాడు అద్దానికి వీపు తిప్పి ఫోనులో ఫొటో తీసి చూస్తే, పై అంచున నాలుగు వేళ్ల గుర్తులు, కింది అంచున మూడు తెల్లగా కనిపించాయి. వాటి మధ్య గాలిపటం ఆకారంలో తమరు ఎర్రగా వెలుగుతున్నారు.

ఆ గది బాడుగ ఇద్దరి లెక్కన కట్టించుకున్నారు. ఆ రెండో వాటాకు బదులుగా రోజూ ఉదయం అయిదు నిమిషాల పాటు ఒక మనిషి చేతులు ఇప్పించమని అడగాలన్న ఆలోచన నాకు చాలా ఆలస్యంగా వచ్చింది. ముక్కూమొహం తెలియనివారిని ఫొటో తీసిపెట్టమని అడగవచ్చు, దారి అడగవచ్చు. ఈ ఒక్కటీ అడగడానికి మాత్రం నోరు రాదు.

ఆ పూటే తీరంలో ఒక పెద్దావిడ తన భర్త వీపుకు సన్‌స్క్రీన్ రాస్తోంది. ఆయన ఏదో మరిచిపోయి వచ్చినట్టున్నాడు. సాధిస్తూనే రాస్తోంది, మాట పెరిగినప్పుడల్లా అరచెయ్యి కాస్త గట్టిగా పడుతోంది. ఆయన కళ్లు మూసుకొని ఇద్దరి కోపాన్నీ, సూర్యుడిదీ ఆవిడదీ, సుఖంగా భరిస్తున్నాడు. నేను వాళ్లను దాటి పోతుండగా ఆవిడ తిట్లు ఆపి తమరి వైపు చూసి, “ఒక్కరే వచ్చారా?” అని అడిగింది. నేను నోరు విప్పక ముందే తమరు నా సమాచారమంతా ఊరికి చాటేశారన్నమాట. తరువాత ఆవిడ తన దగ్గరున్న కలబంద గుజ్జు కొంచెం ఇచ్చి, పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకొని నీటిలో దిగమంది.

అంతే, చొక్కా! యూపీఎఫ్ (గుడ్డలకు ఇచ్చే ఎండ రక్షణ అంకె) 50 అని ముద్ర ఉన్న గుడ్డ అతినీలలోహిత కిరణాల్లో యాభయ్యో వంతును మాత్రమే లోపలికి పోనిస్తుంది. పగడాలకు కీడు చేస్తాయన్న కారణంతో ఆక్సీబెంజోన్ వంటి రసాయనాలున్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని పసిఫిక్ ద్వీపదేశం పలావ్ 2020 నుంచీ, అమెరికా రాష్ట్రం హవాయి 2021 నుంచీ నిషేధించాయి. చొక్కాకు ఆ చిక్కు కూడా లేదు. వెన్నుదన్ను కోసం నేను ప్రపంచమంతా వెతుకుతుంటే, అది దుకాణంలో కొక్కేనికి వేలాడుతోంది.

ఇంతకీ ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం వేరే ఉంది. ఈ సాయంత్రం నుంచి తమరు పొలుసులు రాల్చడం మొదలుపెట్టారు. విపరీతంగా దురద పెడుతోంది. గోకుదామంటే చెయ్యి అందడం లేదు.

ఇట్లు,
తమరిని ఏనాడూ నేరుగా చూసి ఎరగని
తమరి యజమాని